చెరువు ఎండాలా, నిండాలా?

మామ జలవనరుల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పాత అనంతపురం జిల్లాలో ఆయన నడవని చెరువు కట్ట అరుదు. మేనకోడలు వ్యవసాయ కళాశాలలో నేలల శాస్త్రం చెబుతుంది. శింగనమల దాపున ఒక ఊళ్లో పెళ్లికొచ్చి, ఎండ తగ్గాక ఊరి చెరువు కట్ట మీద వేపచెట్టు కింద ఇద్దరూ వాదన మొదలుపెట్టారు. నేను ఇద్దరికీ చుట్టాన్నే కాబట్టి నన్నెవరూ తీర్పు అడగలేదు. అడక్కపోయినా అక్కడక్కడా నా మాట బ్రాకెట్లో పెట్టాను.

మామ: ఈ అర్జీ మీద నువ్వూ ఒక సంతకం పెట్టు పాపా. చదువుకున్నదానివి, నీ పేరుంటే కలెక్టరేటులో కాగితం కదులుతుంది. మనం అడిగేది ఒకటే. కాలువ నీళ్లు తెచ్చి మన చెరువులో ఏడాది పొడుగునా నిలబెట్టాల. చెరువు ఎండకూడదు.

కోడలు: ఆ చివరి మాట కొట్టేయ్ మామా, పెడతా.

మామ: అది కొట్టేస్తే ఇంక అందులో ఏముంది, తెల్లకాగితం! కిందికి చూడు. ఆ నెర్రెల్లో మేకపిల్ల కాలు దిగిందంటే బయటికి రాదు. మనకు ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుని మనకు గాలి మాత్రం పంపిస్తాయి. ఈశాన్యం తూర్పు కొండలు దాటేసరికి చప్పబడిపోతుంది. పడేదాంట్లో ఎక్కువ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఎండ మాత్రం చెరువు నీళ్లను ఏడాదికి రెండు మీటర్లకు దగ్గరగా తాగేయగలదు. మే నెలలో రోజుకు సెంటీమీటరు. ఇట్లాంటి చోట చెరువును దాని ఖర్మకు వదిలేయమంటావా?

కోడలు: వచ్చేదానికి మూడింతలు ఆవిరైపోయే చోట చెరువు ఎండిపోతే అందులో వింతేముంది? 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా బుక్కరాయసముద్రం చెరువు కట్టించినప్పుడూ ఇదే ఎండ. ఆ చెరువు పక్కన పుట్టిన అనంతసాగరమే కదా ఇవాళ్టి అనంతపురం. ఆయన ఏడాదంతా నీళ్లు నిలవాలని కట్టలేదు. నాలుగు గట్టి వానలకు వంకలో పొర్లి పెన్నలో కలిసిపోయే నీళ్లను కొన్ని నెలలు ఆపి, ఒక పంట తీసి, వదిలేయడానికి కట్టాడు. చెరువులో నీళ్లున్న నెలలు సగం బతుకు, లేని నెలలు మిగతా సగం.

మామ: ఒడెయరు కాలంలో ఒక్క పంటతో ఊరు బతికింది. కరువొస్తే చచ్చింది కూడా. ధాత కరువు, 1876 నుంచి 78 దాకా, మా అవ్వ నోట విన్న కథలు నీకు తెలీవు. గంజి కేంద్రాల దగ్గర జనం వరసలోనే ప్రాణం వదిలారంట. ఇప్పుడు గంజి లేదు, బెంగళూరు బస్సుంది. శెనక్కాయ వేసి, రెండు పదునులు తప్పితే బస్సెక్కుతారు. ఎండిన చెరువు నీకు ప్రయోగశాల పాపా. ఊరికి అది టిక్కెట్టు.

(మామ ఇక్కడ గొంతు పెంచాడు. ఈ మాటకు కోడలి దగ్గర సూటి జవాబు లేదని నాకనిపించింది. ఆమె వాదన తప్పని కాదు, ఆకలి ముందు ఏ శాస్త్రమైనా కాస్త తడబడుతుంది.)

కోడలు: నిండొద్దని నేనెక్కడన్నాను? ఏటా నిలబెట్టొద్దంటున్నా. నీ భాషలోనే చెప్తా. ఆగస్టులో కాలువ నీళ్లతో చెరువు నిండుగా పెట్టావనుకో. అక్టోబరులో అల్పపీడనం వచ్చి ఒక్క రాత్రిలో వంక పొంగితే ఆ నీళ్లకు చోటెక్కడ? 2022 అక్టోబరులో అనంతపురం టౌన్లో నడిమివంక పక్క కాలనీలు ఎట్లా మునిగాయో చూశావు కదా.

మామ: ఆ కాలనీలు వంకలో కట్టినవి. అది చెరువు తప్పు కాదు.

కోడలు: కట్టింది తప్పే. కానీ పైన చెరువులన్నీ ముందే నిండి ఉంటే వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి దిగుతాయి. గొలుసుకట్టులో పై చెరువు నిండి మరువ పారితే కింది చెరువుకు భయం. బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ గుర్తుందా? కట్ట తెగబోతుంటే ఊరికోసం గండిలో నిలబడి ప్రాణమిచ్చిన ఆమె. కట్టమంచి రామలింగారెడ్డి 1900 ప్రాంతంలో ‘ముసలమ్మ మరణము’ అని కావ్యం రాసింది ఆమె మీదే. కరువు జిల్లా కథ అనుకుంటాం. ఆమెను తీసుకుపోయింది మాత్రం ఎక్కువైన నీళ్లు.

మామ: సరే, అది ఒప్పుకుంటా. వరదకు చోటు వదలాల. సగం మట్టానికే నింపుదాం. అయిపోయిందా?

కోడలు: కాలేదు. లేచి రా, పొద్దున తీయించిన గుంత చూపిస్తా.

(చెరువు లోపలికి దిగాం. తూముకు కాస్త దూరంలో మనిషి నడుములోతు గుంత. ఆమె పలుగుతో ఒక గోడ చెక్కి నున్నగా చేసింది. ఇక్కణ్ణించి చాలాసేపు ఆమే మాట్లాడింది. మామ మధ్యలో ‘ఊఁ’ అనడం తప్ప ఏమీ అనలేదు. ఆయన అంతసేపు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.)

కోడలు: పైన ఈ జానెడు మందం చూడు, బూడిద రంగు నల్లమట్టి. చుట్టూ చేలన్నీ ఎర్ర నేలలు, ఇది నలుపు. ఎందుకు? ఎర్ర నేలకు వాన దెబ్బ తగిలితే పైన పెచ్చు కడుతుంది. నీళ్లు లోపలికి దిగకుండా జారతాయి, జారుతూ సన్న బంకను మోసుకొస్తాయి. ఇసక వంక నోట్లోనే ఆగుతుంది, బంక చెరువు అడుగుదాకా వస్తుంది. వందల ఏళ్లుగా ఊరి పొలాల సారమంతా ఇక్కడ కూడింది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు కొడుతుంది. ఇంక దాని కింద ఈ తుప్పు గీతలు చూశావా? దారాల్లా నిలువుగా దిగుతున్నాయి. తుంగ వేర్లు నడిచిన దారులివి. నీళ్లు నిలిస్తే మట్టిలో గాలాడదు. సూక్ష్మజీవులు గాలికి బదులు ఇనుమును వాడుకుంటాయి. ఎర్రగా ఉండే ఇనుము కరిగి రంగు పోగొట్టుకుంటుంది, మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. తుంగలాంటి నీటిమొక్కలు మాత్రం ఆకుల నుంచి వేళ్లకు గాలి పంపుకుంటాయి. ఆ గాలి తగిలిన చోట ఇనుము మళ్లీ తుప్పై అంటుకుపోతుంది. ఈ మచ్చలు పదేళ్లు నీళ్లు రాకపోయినా చెరగవు. ఈ చెరువు ఎంత మేర, ఎన్ని నెలలు నీళ్లతో ఉండేదో ఈ గోడలో రాసి ఉంది.

మామ: మా దగ్గరా ఉంది. చెరువు నిండు మట్టం గీసిన ఎఫ్‌టీఎల్ మ్యాపు.

కోడలు: మీ మ్యాపులో గీత మరువ మట్టానికి గీసింది. మట్టిలో గీత నిజంగా నీళ్లు నిలిచిన చోటికి ఉంటుంది. ఆ రెంటికీ మధ్యనున్న నేలనే జనం ఆక్రమిస్తారు. సరే, ఇంకా కిందికి రా. నడుములోతులో తెల్లగా గడ్డలు కనబడుతున్నాయి కదా. ఒక చుక్క ఆసిడ్ వేస్తా. నురగొచ్చిందా? సున్నం.

మామ: సున్నపు గడ్డ ఎవరికి తెలీదు పాపా. కట్ట కట్టేటప్పుడు తవ్వితే బండ్లకొద్దీ వస్తుంది.

కోడలు: అది ఎందుకొచ్చిందో చెప్పు.

మామ: నువ్వే చెప్పు. అందుకే కదా గుంత తీయించింది.

కోడలు: నీళ్లు ఆవిరైతే నీళ్లే పోతాయి, అందులోని ఉప్పులు పోవు. గ్రానైటు రాయి అరిగి వచ్చే నీళ్లలో కాల్షియం, సోడియం, బైకార్బనేట్ ఉంటాయి. చిక్కబడే కొద్దీ మొదట కాల్షియం సున్నమై దిగిపోతుంది. మిగిలేది సోడియం. సోడియం ఎక్కువైతే మట్టి పీహెచ్ ఎనిమిదిన్నర దాటుతుంది, బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి విడిపోతాయి, సందులన్నీ పూడుకుపోతాయి. మన చౌడు అదే. అవ్వలు బట్టలు ఉతకడానికి పట్టుకెళ్లిన తెల్లమన్ను. ఇక లెక్క విను. కాలువ నీళ్లలో లీటరుకు 400 మిల్లీగ్రాముల ఉప్పులు ఉన్నాయనుకో. ఒక హెక్టారు మీద ఒక మీటరు నీళ్లు, అంటే పదివేల ఘనపు మీటర్లు. అంతా అక్కడే ఆవిరైపోతే మిగిలేది నాలుగు టన్నుల ఉప్పు. వానకు ఎర్ర నేలల మీంచి వచ్చే నీళ్లలో వందే ఉందనుకో, ఒక టన్ను. నువ్వు ఏడాదంతా నీళ్లు నిలబెడితే మీటరు కాదు, రెండు మీటర్లు ఆవిరి. ఏటా.

మామ: తూమున్నది ఎందుకు? మరువ ఎందుకు? ఉప్పు వాటిల్లోంచి పోతుంది.

కోడలు: పోయేది. మరువ పారిన ఏడాది చెరువు కడుక్కున్నట్టే. తూము తెరిచి మడికి పెట్టినా ఉప్పు నీళ్లతోపాటు కదులుతుంది. ఈ తూము ఎప్పుడు తెరిచారు మామా?

(మామ మాట్లాడలేదు. ఈ ప్రాంతంలో చాలా చెరువుల తూములు బోర్లు వచ్చాక మూతబడ్డాయి. ఆయకట్టు రైతులే మూయించారు. కాలవతో మడి తడిపేకన్నా నీళ్లు అడుగుకు ఇంకి బోరులోకి వస్తే ఎవరి నీళ్లు వాళ్లవని వాళ్ల లెక్క. నీళ్లు పంచే నీరుగంటి పని దాంతోనే పోయింది.)

కోడలు: పోరుమామిళ్ల శాసనం నీకు నాకన్నా బాగా తెలుసు.

మామ: 1369. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కించాడు. ఆ దోషాల్లో చౌటినేల ఒకటి. నీకు కావాల్సింది అదే కదా.

కోడలు: ఊఁ.

మామ: ఆరింటిలో ఇంకొకటి కూడా చెప్తా. నీళ్లు తక్కువ, పొలం ఎక్కువ. అదీ దోషమే. దాన్ని తీర్చడానికే నేను కాలువ అడుగుతున్నా. ఒక్క దోషం పట్టుకుని రెండోది వదిలేస్తే ఎట్లా?

కోడలు: సరే మామా, అది నీ మార్కు.

మామ: ఇంకో మార్కు కూడా వేసుకో. బోర్ల సంగతి. మన అడుగున ఉన్నది ఇసక కాదు, గ్రానైటు, నీసు రాళ్లు. పైన పదో ఇరవయ్యో మీటర్లు కుళ్లిన రాయి, కింద పగుళ్లు. నీళ్లు పట్టే చోటే తక్కువ. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము రేగే బోర్లున్నాయి. నీళ్లు దొరికినా ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, మనకు చాలా ఊళ్లలో దాటుతుంది. పిల్లల పళ్ల మీద పసుపు గార చూశావు కదా. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు పైపులేసింది ఇందుకే. చెరువు నిండితే చుట్టూ బోర్లలో నీళ్లు మెరుగవుతాయి, ఫ్లోరైడ్ పలచబడుతుంది. ఇది నేను కళ్లారా చూసింది. నీళ్లు నిలబడితే మేలు కాదా?

కోడలు: ఏ నీళ్లు, ఎప్పటి నీళ్లు అన్నది చూడాలి. నీళ్లలో కాల్షియం ఉన్నంతకాలం ఫ్లోరైడ్‌ను కట్టేసి ఉంచుతుంది. ఇందాకటి సున్నం దిగిపోవడం గుర్తుందా? కాల్షియం సున్నమై పోతే ఫ్లోరైడ్‌ను ఆపేది ఉండదు. అంటే చౌడును పుట్టించే రసాయనమూ, ఫ్లోరైడ్‌ను పెంచే రసాయనమూ ఒకటే. ఎండలో నెలలకొద్దీ చిక్కబడ్డ నీళ్లు ఇంకితే బోరుకు మేలేంటి? సెప్టెంబరులో వచ్చిన తాజా వాననీళ్లు ఇంకితే మేలు.

మామ: ఇంకడానికి టైమివ్వాల కదా! నిలబెడితేనే కదా ఇంకేది.

కోడలు: అక్కడే నా అసలు పేచీ. అమెరికాలో టెక్సాస్ మైదానాల్లో ప్లాయాలని గుండ్రటి కుంటలుంటాయి, వేలకొద్దీ. వానకు నిండి, ఎండకు ఎండిపోతాయి. అడుగున మన చెరువులాగే బంకమట్టి. వాటి కింద ఓగలాలా అని పెద్ద భూగర్భజల నిధి ఉంది. అందులోకి నీళ్లు చేరే ముఖ్యమైన దారి ఆ కుంటలే. బంకమట్టిలోంచి నీళ్లెట్లా దిగాయని చూస్తే, ఎండినప్పుడు పడ్డ నెర్రెల్లోంచి. మొదటి వాన నీళ్లు నెర్రెల వెంట సరాసరి కిందికి పోతాయి. తర్వాత మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, అప్పుడు నీళ్లు పైన నిలుస్తాయి. ఏడాదంతా తడిగా ఉంచితే నెర్రెలే పడవు.

మామ: ఎన్నాళ్లు తెరిచి ఉంటాయి నీ నెర్రెలు? నేను చూసినదాన్ని బట్టి రెండు మూడు రోజులు. ఆ తర్వాత అడుగు మూసుకుపోతుంది. మిగతా కాలమంతా నీళ్లు ఇంకేది అంచుల్లో. చెరువు అంచున పూడిక పలచగా ఉంటుంది, ఎర్ర గరుసు బయటపడి ఉంటుంది. అక్కడిదాకా నీళ్లు ఎక్కితేనే ఇంకుడు. నీళ్లు అంచుకు ఎక్కాలంటే చెరువు నిండాల! నీ సిద్ధాంతం సగం చెరువుకే సరిపోయింది పాపా.

(ఇది కోడలికి తగిలింది. ఆమె కాసేపు గుంతలోంచి తీసిన మట్టిపెళ్లను చేతిలో తిప్పుతూ ఊరుకుంది. అంచు ఇంకుడు సంగతి తను మరిచిందేమీ కాదు, తన వాదనకు పనికిరాదని పక్కన పెట్టింది. మామ దాన్నే వెతికి పట్టుకున్నాడు.)

కోడలు: నిజమే. అందుకే నిండాలి, తర్వాత తగ్గాలి. నీళ్లు పైకెక్కి అంచును తడిపి, దిగుతూ పోతే రెండు పనులూ అవుతాయి. ఒకే మట్టాన ఉంచితే ఏదీ కాదు. ఎప్పుడూ ఒకే గీత దగ్గర నీళ్లుంటే అక్కడ ఒండ్రు పట్టి అంచు కూడా మూసుకుంటుంది.

మామ: ఒండ్రు పట్టితే తీద్దాం. నీరు-చెట్టు పథకంలో తీయలేదా?

కోడలు: తీశారు. ఎట్లా తీశారో ఆ మూల చూడు. జేసీబీ దారి పక్కన, ట్రాక్టరుకు దగ్గరగా ఉన్న చోట, మొరం తగిలేదాకా తవ్వింది. పూడిక చెరువంతా పలచగా తీయాలి. ఒక్కచోట బావిలా దింపితే అక్కడ అడుగు చిల్లుపడుతుంది, లేదంటే మురుగు నిలుస్తుంది. పూర్వం రైతులు ఎండాకాలం బండ్లు కట్టి ఎవరికి కావాల్సినంత మట్టి చేలకు తోలుకునేవాళ్లు. చెరువు ఎండితేనే కదా బండి దిగేది? శెనక్కాయ చేలో ఆ మట్టి వేస్తే ఎర్ర నేల ఇంకో నాలుగు రోజులు పదును పట్టి ఉంచుతుంది. అది కూడా చెరువు పంటే.

మామ: నువ్వు చెప్పేదాంట్లో గొర్రెల మందల ప్రస్తావన రాలేదేంటని చూస్తున్నా. ఎండిన చెరువులో పండబెడతారు కదా.

కోడలు: వస్తుంది ఉండు. గొర్రెల పేడ, ఎండిన తుంగ, చచ్చిన నత్తలు, అన్నీ పొడి మట్టిలో గాలి తగిలి నెమ్మదిగా కుళ్లుతాయి. మొదటి వాన తగిలిందంటే ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల సారమంతా ఒక్కసారిగా విడుదలవుతుంది, బతికినవి దాన్ని తిని ఎగబడతాయి. కొన్ని రోజుల్లోనే నత్రజని పొంగుతుంది. ఆ పొంగు మీదే పాచి, పాచి మీద పురుగులు, పురుగుల మీద చేపలు, కప్పలు. ఎప్పుడూ నీళ్లుండే చెరువులో ఈ పొంగు రాదు. అడుగున నల్లబురద పేరుకుని గాలాడక కుళ్లుగుడ్డు వాసన వేస్తుంది. పట్టుకున్న భాస్వరాన్ని ఆ బురద పైకి వదులుతుంది, నీళ్లు పచ్చబడతాయి.

మామ: మా చిన్నప్పుడు వాన పడిన పది రోజులకు కొండమీద దోనల్లో, ఊరి బయట కుంటల్లో, రొయ్యపిల్లల్లాంటివి కనబడేవి. తలకిందులుగా ఈదేవి. ఎండితే మాయం. మళ్లీ వానకు ఎక్కణ్ణించి వచ్చేవో! వానతో పడతాయనేవాళ్లు.

కోడలు: వానతో కాదు, మట్టిలోంచి. వాటి గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్లకేళ్లు పడి ఉంటాయి. చాలావాటికి ఒకసారి ఎండితే గానీ పొదిగే గుణం రాదు. తడి తగిలినప్పుడల్లా అన్నీ పొదగవు కూడా. మొదటి పదునుకే విత్తనమంతా చల్లేయని రైతు లెక్క వాటిది. ఆ వాన మోసం చేసినా ఇంకో వానకు కొన్ని మిగులుతాయి. అక్కడ చేపలుండవు కాబట్టే బతుకుతాయి. ఏడాదంతా నీళ్లు పెట్టి చేపపిల్లలు వదిలితే మొదటి ఏడే వాటి పని సరి.

మామ: తలకిందుల రొయ్యల కోసం ఊరు ఎండాలా!

కోడలు: రొయ్యలు వద్దు, కొంగల సంగతి మాట్లాడుకుందాం. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. ఊరి ఆడపడుచుల్లా చూసుకుంటారు వాటిని. అవి వచ్చేదెప్పుడు?

మామ: సంక్రాంతి దాటాక. వానాకాలం మధ్యకు పిల్లల్ని తీసుకుని పోతాయి.

కోడలు: చెరువులు తగ్గుతున్న కాలం. ఆ పక్షి నీళ్లలో ముక్కు కాస్త తెరిచి పెట్టి, తగిలిన చేపను పట్టుకుంటుంది. కంటితో వెతికే వేట కాదది. మోకాలిలోతు కూడా లేని నీళ్లలో చేపలు కిక్కిరిస్తేనే పిల్లలకు తిండి దొరుకుతుంది. నిండు చెరువు దానికి పస్తు.

మామ: పూర్తిగా ఎండినా పస్తే. కరువు ఏళ్లలో వీరాపురం చుట్టూ చెరువులు ఎండితే అవి మేతకు ఎంతెంత దూరం పోవాలో ఆ ఊరోళ్లను అడుగు. నీ కొంగలు నా పక్షానా ఉన్నాయి.

(కొంగల ఓటు చెరిసగం అని నేను లెక్క వేసుకున్నాను.)

మామ: అన్నీ వదిలేయ్. చట్టం ఏమంటుందో చూడు. 2017 తడినేలల నిబంధనల్లో సాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను జాబితాలోంచి తీసేశారు. మన చెరువు కాగితం మీద తడినేలే కాదు. ఇది సాగునీటి వనరు. సాగుకు నీళ్లడిగే హక్కు ఊరిది.

కోడలు: 1971 రామ్సర్ ఒప్పందం ప్రకారం సహజమైనదైనా, కట్టినదైనా, ఏడాదంతా ఉన్నా కొన్నాళ్లే ఉన్నా, తడినేలే. 2002లో వలెన్సియా సమావేశంలో తాత్కాలిక కుంటల కోసమే ఒక తీర్మానం చేశారు. మన దేశం ఆ ఒప్పందంలో ఉంది. ఇంట్లో రాసుకున్న నిబంధనలో మాత్రం రాయలసీమ చెరువులన్నీ జారిపోయాయి. గుంతలో తుప్పు గీతలు చూశావు, నువ్వే చెప్పు అది తడినేల కాదా?

మామ: నేను చెబితే ఏం లాభం, గెజిట్ చెప్పాల.

కోడలు: ఇంకో సంగతి. అసలు మన వంక నీళ్లు మన చెరువుకు ఎందుకు రావడం లేదు? కళ్యాణదుర్గం, డోన్ మండలాల్లో 2003లో నీటి లెక్క తీశారు. పైన వాటర్‌షెడ్ పనులు, చెక్‌డ్యాంలు, బోర్లు పెరిగే కొద్దీ కింది చెరువులకు వచ్చే నీళ్లు తగ్గాయని తేలింది. ఎగువన ఫారం పాండ్లు తవ్వించిందీ మనమే, దిగువన చెరువు ఎండిందని అర్జీ రాసేదీ మనమే.

మామ: ఎగువ రైతు కూడా రైతే పాపా. వాడి చేలో పడిన చినుకు వాడు ఆపుకుంటే తప్పంటావా? అందుకే బయట నుంచి తేవాల అంటున్నా.

కోడలు: బయట అంటే తుంగభద్ర. 133 టీఎంసీలతో కట్టిన డ్యాం పూడిక పట్టి 105 దగ్గరికొచ్చింది. 2024 ఆగస్టులో గేటు కొట్టుకుపోయిన రాత్రి మొత్తం ఆయకట్టు గుండె ఆగింది. లేదా హంద్రీ-నీవా, శ్రీశైలం వెనుక నీళ్లను మెట్టుమెట్టుకూ కరెంటు మోటార్లతో ఎత్తాలి. అంత ఖర్చుపెట్టి ఎత్తిన నీళ్లను మే నెలలో రోజుకు సెంటీమీటరు చొప్పున గాలికి వదులుతామా? ఇంజనీరువి నువ్వు. చెప్పు.

(ఈ ప్రశ్నకు మామ వెంటనే జవాబు చెప్పలేదు. జేబులోంచి అర్జీ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, వెనక్కి తిప్పి లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. నన్నడిగితే మొత్తం వాదనలో బరువైన మాట ఇదే. ఉప్పు కనబడటానికి ఇరవై ఏళ్లు పడుతుంది. కరెంటు బిల్లు నెలకే వస్తుంది.)

మామ: సరే విను. కాలువకు నీళ్లొచ్చేదే ఆగస్టు నుంచి డిసెంబరు లోపల. వరదకు చోటు కోసమని వానాకాలం పూర్తయ్యేదాకా ఆగితే కాలువ ఆగిపోతుంది. కాబట్టి సెప్టెంబరు దాకా మూడో వంతు మట్టం, అంతే. వరదకు చోటుంటుంది. అక్టోబరు ఆఖరున వంక ఎంత తెచ్చిందో చూసి, తక్కువైతే అప్పుడు నింపుతాం. నిండుగా ఒక నెల. నీ అంచు తడుస్తుంది.

కోడలు: నీ అంచు.

మామ: ఎవరిదైతేనేం. జనవరి నుంచి కొత్త నీళ్లు లేవు. ఆరుతడి పంటలకు తూము. వేసవికి ఎండితే ఎండనీ. పశువులకు, కొంగలకు తూము దగ్గర మడుగు మిగలాల. ఆ లోతు నేను చూస్తా.

కోడలు: మూడేళ్లకోసారైనా మరువ పారేలా నింపాలి, ఉప్పు కడగడానికి. ఏటా మార్చిలో నీళ్లు, మట్టి పరీక్ష. తూముకు తలుపు కొత్తది. అది మొదటి పేజీలో పెట్టు మామా, తూము తెరవకపోతే నువ్వు రాసిందంతా దండగ.

మామ: మొదటి పేజీలో తూమంటే నీటి సంఘంలో ఒక్కడూ సంతకం పెట్టడు. తెరిస్తే బోర్లకు ఊట తగ్గుతుందని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కూడా కాదు. మూడో పేజీలో పెడతా.

కోడలు: రెండో పేజీ.

మామ: రెండో పేజీ, చివరి పేరా. ‘చెరువు ఎండకూడదు’ కొట్టేశా, చూసుకో. పెన్నిదిగో.